మన చుట్టూ ఉన్న ప్రకృతి ఆవాసాలు: వాటిని గురించిన సభలు, ఉపన్యాసాలు

పావగడ తాలూకా కర్ణాటక రాష్ట్రానికి చెందినదైనా మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ నేలను ఆనుకొని ఉన్నది. ఇక్కడి కార్యాలయాల భాష కన్నడం. అనేక గృహాలలోను, పొలాలలోను, సంతలలోను వినిపించే భాష తెలుగు. మన నదికి కూడా రెండు రాష్ట్రాలతో సంబంధమున్నది. నంది కొండల వరుసలోని చెన్నకేశవ కొండలో పుట్టిన ఉత్తర పినాకిని, అనగా పెన్నేరు, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం ప్రాంతంలో ఆంధ్రలో ప్రవేశించి, మన నాగలమడికె వద్ద మరల కర్ణాటకలోనికి వచ్చి, తిరిగి ఆంధ్రలోని పేరూరు జలాశయానికి చేరుతుంది. ఆ నది పరీవాహక ప్రాంతంలో బ్రతికే జింకలు, ఎలుగుబంట్లు, కొంగలు కూడా ఇదే విధంగా రెండు రాష్ట్రాలకు ఉమ్మడి సంపద.

ఈ సంపదను గురించి పౌరులకు తెలియజేయుటకై ఏటా పలు సందర్భాలలో బహిరంగ సభలు, ఉపన్యాసాలు, పక్షి వీక్షణ నడకలు, పాఠశాల పిల్లలకు పోటీలు నిర్వహించడం రాష్ట్రమంతటా వాడుకలో ఉన్నది. ఆహ్వానపత్రిక చూచి, "ఇది చదువుకున్నవారి వ్యవహారము, మనకెందుకు" అని అనుకొనేవారు చాలామంది. అయితే ఇట్టి సభలో పలికిన మాట, చట్టం నిర్దేశించిన ఒక నమోదు పుస్తకంలోనికి ఎక్కగలదు. అక్కడ పలకని మాట ఆ పుస్తకంలో ఖాళీగా మిగిలిపోగలదు. అందుచేత మన ప్రాంతంలోని ఆవాసాలు ఏవి, వాటిని గురించిన సభలు ఎప్పుడు ఎట్లు జరగవలెను, వాటిలో సామాన్య పౌరుని పాత్ర ఏమిటి అను విషయాలను ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

ఆవాసం అనగా ఏమి?

ఒక జీవికి తిండి, నీరు, దాగుకొను చోటు, పిల్లలను సాకుకొను చోటు ఈ నాలుగూ అమరిన నేలను దాని ఆవాసం అంటాము. అడవి ఒక్కటే ఆవాసం అనుకొనుట పొరపాటు. ఎండిన వంక, రాతి గుట్ట, గడ్డి మైదానం, చెరువు వెనుక నీరు, ఊరి నడుమ చింతచెట్టు ఇవన్నీ ఆవాసాలే. ఎత్తైన చెట్లతో నిండిన అడవి మన తాలూకాలో తక్కువ. ఎర్ర నేల, నల్లరాతి కొండలు, ఎక్కువగా భాద్రపద ఆశ్వయుజ మాసాలలో కురిసే కొద్దిపాటి వాన, అప్పుడప్పుడు వరుసగా వచ్చే కరవులు మన ప్రాంత లక్షణాలు. ఈ లక్షణాలకు తగిన జీవులే ఇక్కడ నిలిచినవి. వాటిని నాలుగు విధాల చోట్లలో చూడవచ్చును.

కొండలు, గుట్టలు

పావగడ దుర్గం, నిడగల్లు దుర్గం చరిత్రకు ప్రసిద్ధమైనవి. ఆ కోట గోడలకు ఆధారమైన బండరాళ్ల సందులలోనే ఎలుగుబంటి, చిరుతపులి, ముళ్లపంది, కొండచిలువ, గుడ్లగూబ వంటివి తలదాచుకుంటాయి. వాలులలో సీతాఫలం, తంగేడు, రేగు, బలుసు, కలివి పొదలు పెరుగుతాయి. ఎలుగుబంటికి ముఖ్యమైన ఆహారం చెదపురుగులు, చీమలు, తేనె, పండ్లు. అది పుట్టలను తవ్వి చెదలను పీల్చుకొని తింటుంది. పండ్లు తిని విత్తనాలను దూరంగా చల్లుతుంది. రాతి కొండలలో బ్రతికే ఈ జంతువుకోసమే హంపి సమీపాన దరోజిలో 1994లో ప్రత్యేకంగా ఒక అభయారణ్యాన్ని ఏర్పాటు చేశారు.

వేసవిలో కొండలకు నిప్పు పెట్టినచో వానలకు గడ్డి బాగా వస్తుందని కొందరి నమ్మకం. మొదటి వానకు పచ్చదనం కనబడుట నిజమే. కాని ఆ మంటలో లేత మొక్కలు, నేలపై గూడు కట్టే పక్షుల గుడ్లు, తాబేళ్లు, పుట్టలు నశిస్తాయి. గడ్డివేళ్లు పట్టి ఉంచిన పైమట్టి సడలి, వానకు కొట్టుకొనిపోయి దిగువ చెరువులో పూడికగా చేరుతుంది. కొండపై తిండి కరవైన ఎలుగుబంటి పొలాలకు, ఊళ్లకు దిగుతుంది. కొండకు పెట్టిన నిప్పు ఫలితం ఊరి వీధిలో కనబడుట ఈ విధంగానే.

గడ్డి నేలలు

మన జిల్లాలోని మధుగిరి తాలూకా మైదనహళ్లి వద్ద జయమంగళి కృష్ణజింకల సంరక్షణ ప్రాంతం ఉన్నది. సుమారు 798 ఎకరాల ఈ గడ్డి మైదానాన్ని 2007లో సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. దేవరాయనదుర్గంలో పుట్టి పినాకినిలో కలిసే జయమంగళి నది పేరే దానికి పెట్టినారు. మగ జింకకు వీపు నల్లగా, పొట్ట తెల్లగా, కొమ్ములు మెలి తిరిగి ఉంటాయి. ఆడజింక లేత గోధుమ వర్ణం. ఇవి దట్టమైన అడవిలో ఇమడలేవు. శత్రువును దూరం నుండి చూచి పరుగుతో తప్పించుకొనుట వీటి స్వభావం. కనుక వీటికి బయలు కావలెను, గడ్డి కావలెను. ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువు కృష్ణజింకయే. ఆ రాష్ట్ర సరిహద్దు మైదనహళ్లికి అతి సమీపము. మన జిల్లాలోనే సిరా తాలూకా బుక్కాపట్టణం ప్రాంతాన్ని 2019లో చింకారా జింకల అభయారణ్యంగా ప్రకటించారు. అది కూడా పొడినేలల పొదలలోను, గడ్డిలోను బ్రతికే జంతువే.

గడ్డి నేలను తోడేలు, నక్క, కుందేలు, కౌజు, పూరేడు, తీతువు ఆశ్రయించి ఉంటాయి. గొర్రెలకు, మేకలకు, పశువులకు మేత దొరికేదీ అక్కడనే. పూర్వం మైసూరు పాలకులు అమృతమహల్ పశువుల మేతకై విశాలమైన కావళ్లను కాపాడినారు. నేటి రెవెన్యూ నిబంధనలలో కూడా నూరు పశువులకు ముప్పై ఎకరాల చొప్పున గోమాళం కేటాయించవలెనని ఉన్నది. పశువుల మేతకు విడిచిన ఆ నేల అడవి జీవులను కూడా పోషిస్తూ వచ్చింది.

మన తాలూకాలో భూమి వినియోగం ఇటీవల పెద్ద ఎత్తున మారినది. నాగలమడికె హోబళిలోని తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, వల్లూరు, రాయచెర్లు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఏర్పడినది. 2018 మార్చిలో ప్రారంభమై 2019 చివరికి పూర్తి సామర్థ్యానికి చేరినది. రైతుల భూమిని కొనకుండా కౌలుకు తీసికొన్నందున, కరవులతో అలసిన అనేక కుటుంబాలకు నిశ్చితమైన ఆదాయం లభించినది. అదే సమయంలో కంచెలు వచ్చిన చోట మేత దారులు మారినవి. సొంత భూమి లేని కాపరులకు నడక పెరిగినది. మిగిలిన గడ్డి నేలల విలువ ఇందువలన మరింత పెరిగినదని గ్రహించవలెను. ఈ రెండు వైపుల మాటలనూ బహిరంగంగా, కోపతాపాలు లేకుండా చర్చించుటకు సభ కంటె తగిన స్థలం లేదు.

చెరువులు, వంకలు, తలపరిగెలు

కట్ట, తూము, మరవ, ఆయకట్టు ఈ మాటలు తెలియని రైతు మన ప్రాంతంలో ఉండడు. మనుషులు కట్టిన చెరువే కాలక్రమాన నీటిపక్షులకు ఆవాసమైనది. చెరువు నిండిన ఏట నీటికాకులు, నత్తగుల్ల కొంగలు, మునుగుడు కోళ్లు, బాతులు చేరుతాయి. నీరు తగ్గి బురద తేలినప్పుడు ఉల్లంగి పిట్టల వంటి చిన్న పక్షులు వస్తాయి. ఒకే చెరువు నిండుగా ఉన్నప్పుడు కొన్నింటికి, ఇంకుతున్నప్పుడు మరికొన్నింటికి అన్నం పెడుతుంది. అందుచేతనే చెరువును అంచు నుండి అంచు వరకు ఒకే లోతున తవ్వి గిన్నెవలె చేయరాదని నిపుణులు చెబుతారు. పూడిక తీయునప్పుడు ఒక వైపు పల్లంగా, నీరు పలుచగా నిలిచే చోటు మిగల్చవలెను. లోతు లేని నీటిలో నిలబడియే కొంగ చేపను పట్టుకొంటుంది.

సాగునీటి చెరువులకు అంతర్జాతీయ గౌరవం దక్కిన ఉదాహరణలు మన రాష్ట్రంలోనే ఉన్నవి. గదగ్ జిల్లా మాగడి చెరువు, విజయనగర జిల్లా అంకసముద్రం చెరువు 2024లో రాంసర్ చిత్తడి నేలల జాబితాలో చేరినవి. రెండూ రైతుల పొలాలకు నీరిచ్చుటకై కట్టినవే. వ్యవసాయ చెరువు పక్షులకు నిలయం కాజాలదను అభిప్రాయానికి ఇవే సమాధానం.

తలపరిగె మన జిల్లాకు ప్రత్యేకమైన నీటివనరు. మధుగిరి, కొరటగెరె, సిరా, పావగడ తాలూకాలలో చెరువుల దిగువన, వంకల ఒడ్డున, ఇసుక నేలలలో కొద్దిగా తవ్వితే చాలు ఊట పైకి ఉబికే చోట్లుండేవి. ఆ నీటిని చిన్న కాలువ ద్వారా పొలాలకు పారించి, వంతుల ప్రకారం పంచుకొనేవారు. పూడిక తీయుటకు ఊరంతా కూడేది. ఏడాది పొడవునా తడి ఉండుటచేత కప్పలు, పీతలు, తూనీగలు, పక్షులు దానిని ఆశ్రయించేవి. బోరుబావులు లోతు పెరిగిన కొద్దీ అనేక తలపరిగెలు ఎండిపోయినవి. కొన్ని చోట్ల పూడిక తీసి వాటిని పునరుద్ధరించే ప్రయత్నాలు జరిగినవి. ఎక్కడ తలపరిగె ఉండేదో చెప్పగలవారు ఇప్పుడు వృద్ధులు మాత్రమే.

ఊరి చెట్లు

సిరా తాలూకా కగ్గలడు గ్రామంలోను, సరిహద్దుకు ఆవల శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలం వీరాపురంలోను ఊరి చింతచెట్లపై ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. ప్రజలు వీటిని "సైబీరియా కొంగలు" అని పిలుచుట కద్దు. నిజానికి ఇవి సైబీరియా నుండి రావు. భారతదేశపు స్వదేశీ పక్షులే. నీరు, చేపలు ఉన్న చోటును వెదకుకొంటూ దేశంలోనే ఒక తావు నుండి మరొక తావుకు పోతుంటాయి. ఈ తేడా తెలిసికొనుట అవసరం. దూరదేశపు అతిథి అనుకొన్నచో, రాని ఏట "దారి తప్పినది" అని సరిపెట్టుకొంటాము. మన చెరువులలో బ్రతికే పక్షి అని తెలిసినచో, రాని ఏట మన చెరువుల వైపు చూస్తాము.

ఆ గ్రామాలలో కొంగలను కాపాడినది మొదట గ్రామస్థులే. కొమ్మలు నరకకపోవడం, గూళ్ల దగ్గర అలజడి చేయకపోవడం వారు తమకు తామే పెట్టుకొన్న కట్టుబాట్లు. మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరులో ఇట్టి కట్టుబాటుకు గుర్తింపుగా 2007లో ఆ గ్రామాన్ని సముదాయ సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ చెట్ల క్రింద పడిన రెట్టను చెరువు మట్టితో కలిపి ఎరువుగా వాడుకొనే అలవాటు ఉండేది.

ఒక మాట తప్పుగా పడినప్పుడు

ఈ తెలుగు విభాగాన్ని తయారు చేయు అనువాదకుడినైన నాకు ఎదురైన ఒక అనుభవాన్ని ఇక్కడ చెప్పుట అప్రస్తుతం కాదనుకొంటాను. కొన్నేళ్ల క్రితం గడ్డి నేలలపై ఒక ఉపన్యాసం కన్నడంలో జరిగినది. దానిని తెలుగువారికి వివరించే పని నాకు అప్పగించారు. వక్త చూపిన పటంలో కొంత నేలకు ఉన్న ఆంగ్ల పేరును నేను "బంజరు భూమి" అని తెలుగు చేశాను. నిఘంటువు ప్రకారం అది తప్పు కాదు. సభ ముగిసిన తర్వాత ఒక వృద్ధుడు, గొర్రెల కాపరి, నా దగ్గరకు వచ్చి, "అయ్యా, మా తాతల నాటినుంచి గొర్లు మేసేది ఆన్నే. దాన్ని బంజరంటివి. రేపు ఎవురైనా వచ్చి, బంజరే కదా, ఏమన్నా చేసుకుందామంటే మేమేం చెప్పాల?" అని అడిగినాడు. నా దగ్గర జవాబు లేదు. మరుసటి నెల సంచికలో ఆ మాటను "మేత నేల" అని సవరించుకొన్నాను.

ఆ వృద్ధుని ప్రశ్నలో ఎంత సత్యమున్నదో తర్వాత తెలిసినది. దేశంలోని బంజరు భూములను చూపే అధికారిక పటాలలో పొదలతో కూడిన నేలలకు కూడా ఒక వర్గం కేటాయించి ఉన్నారు. పంట పండని నేల, చెట్లు లేని నేల అను అర్థంలో ఆ పేరు పెట్టియుండవచ్చును. కాని పేరు పెట్టిన తర్వాత ఆ నేలకు జరిగేది ఆ పేరును బట్టియే ఉంటుంది. గడ్డి నేలలో నీలగిరి మొక్కలు నాటి "పచ్చదనం పెంచినాము" అనుకొన్నచో, కృష్ణజింకకు దారి మూసినట్లే. గొర్రెల మందకు కూడా అంతే.

మన పెన్నేటి పరీవాహక ప్రాంతంలోనే మాటకు ఉన్న విలువను చాటే మరొక నిదర్శనం ఉన్నది. కలివికోడి అను చిన్న పక్షిని 1848లో జెర్డన్ అను ఆంగ్లేయుడు శాస్త్రలోకానికి పరిచయం చేసినాడు. 1900లో అనంతపురం సమీపాన కనబడిన తర్వాత శాస్త్రజ్ఞులకు అది మరల కనబడలేదు, నశించినదనుకొన్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు ఆ పక్షి బొమ్మలను పల్లెలలో చూపుతూ వెదకగా, 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలో అది తిరిగి దొరికినది. రాత్రివేళ దీపపు వెలుగులో దానిని పట్టి తెచ్చినవాడు ఒక స్థానికుడు. పుస్తకాలలో ఎనభై ఆరేళ్లు లేని పక్షికి ఆ ఊరివారి నోట తెలుగు పేరు ఉన్నది. కలివి పొదల నడుమ తిరుగుతుంది గనుక కలివికోడి. దాని ఆవాసాన్ని కాపాడుటకై తర్వాతి కాలంలో తెలుగుగంగ కాలువ మార్గాన్నే మార్చవలసి వచ్చినది. శాస్త్రజ్ఞుడు పల్లెకు పోయి అడుగుట, పల్లెవాడు తన భాషలో చెప్పుట, ఈ రెండూ కలిసినప్పుడే అది సాధ్యమైనది. మంచి సభ అనగా ఇదియే.

సభలు ఎప్పుడు, ఎక్కడ?

కొన్ని దినాలు దేశమంతటా, ప్రపంచమంతటా ఈ ప్రయోజనానికై నిర్ణయమై ఉన్నవి. మన ప్రాంతపు ఋతువులకు తగినట్లు వాటిని వాడుకొనవచ్చును.

జనవరి నెలలో ఆసియా ఖండమంతటా నీటిపక్షుల గణన జరుగుతుంది. మన ఉపఖండంలో ఇది 1987లో మొదలైనది. చెరువులలో ఇంకా నీరుండే ఈ నెలలో గట్టుపై ఉదయపు నడక ఏర్పాటు చేయుట మేలు.

ఫిబ్రవరి 2 ప్రపంచ చిత్తడి నేలల దినం. 1971లో ఇరాన్ దేశపు రాంసర్ నగరంలో కుదిరిన ఒప్పందానికి ఇది గుర్తు. ఆయకట్టు రైతులు, చేపలు పట్టువారు, నీరుగంటులు పాల్గొనదగిన సభ ఇది.

మే 22 అంతర్జాతీయ జీవవైవిధ్య దినం; జూన్ 5 ప్రపంచ పర్యావరణ దినం. జూన్ 5న మొక్కలు నాటుట ఆనవాయితీ. నాటు ముందు ఆ చోటు గడ్డి నేల కాదని నిర్ధారించుకొని, వీధుల వెంట, పాఠశాలల ఆవరణలలో, చెరువు కట్టకు దూరంగా కానుగ, వేప, చింత, మర్రి వంటి స్థానిక వృక్షాలనే నాటవలెను.

అక్టోబరు 2 నుండి 8 వరకు వన్యప్రాణి వారోత్సవాలు. వానల తర్వాత కొండలు పచ్చగా ఉండు కాలం కనుక, కొండలను గురించిన ఉపన్యాసాలకు అనుకూలం.

నవంబరు 12 సుప్రసిద్ధ పక్షి శాస్త్రవేత్త సలీం అలీ జన్మదినం. ఆయన 1896లో జన్మించారు. పిల్లలకు పక్షులను పరిచయం చేయుటకు తగిన రోజు.

సభా స్థలం విషయంలో ఒక సూచన. మధ్యాహ్నం పదకొండు గంటలకు భవనంలో సభ పెట్టినచో కాపరి రాలేడు. కూలికి పోయే స్త్రీ రాలేదు. మందలు దొడ్లకు చేరిన తర్వాత, రచ్చకట్ట దగ్గరనో గుడి ముందరనో పెట్టిన సభకు వారు రాగలరు. నాగలమడికె సుబ్రహ్మణ్యస్వామి ఉత్సవం వంటి జనం కూడే సందర్భాలలో చిన్న ప్రదర్శన పెట్టినను అనేకులకు చేరుతుంది. పక్షుల గూళ్ల దగ్గర మాత్రం సభలు వద్దు. మైకు, బాణసంచా, డ్రోన్ కెమెరా అక్కడ పూర్తిగా పరిహరించవలెను. బెదరిన తల్లి కొంగ గూడు విడిచినచో పిల్లలు ఎండకు, కాకులకు బలియగును.

వక్త, శ్రోత

నిర్వాహకులు వక్తను ముందుగా మూడు విషయాలు కోరవచ్చును. మొదటిది, మన తాలూకాలోని స్థలాలను ఉదాహరణగా తీసికొనుట. రెండవది, జీవుల పేర్లను కన్నడంలోను, తెలుగులోను చెప్పుట. ఒకే పక్షిని వక్త ఒక పేరుతోను, శ్రోత మరొక పేరుతోను ఎరిగియుందురు. బొమ్మ చూపినచో ఇద్దరికీ చిక్కు తీరుతుంది. మూడవది, మాట్లాడినంత సేపు వినుటకు కూడా కేటాయించుట.

శ్రోతలు నిస్సంకోచంగా అడుగదగిన ప్రశ్నలు అనేకం ఉన్నవి. మా చెరువులో పూడిక తీయు పని ఎప్పుడు, ఏ లోతున? మా ఊరి గోమాళం విస్తీర్ణం ఎంత, హద్దులు ఎక్కడ? ఎలుగుబంటి పంట పాడు చేసినచో పరిహారానికి ఎవరికి, ఎన్ని రోజులలో దరఖాస్తు చేయవలెను? చివరి ప్రశ్న విషయంలో సంకోచం అసలే పనికిరాదు. పంట పోయిన రైతు బాధను విననివాడు, ఎలుగుబంటిని కాపాడుమని అతనికి చెప్పలేడు.

సభ నుండి నమోదు పుస్తకానికి

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థ, అనగా గ్రామ పంచాయతి అయినను పురసభ అయినను, తన పరిధిలో ఒక జీవవైవిధ్య నిర్వహణ సమితిని ఏర్పాటు చేయవలెను. స్థానిక ప్రజలను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య నమోదు పుస్తకాన్ని తయారు చేయుట ఆ సమితి ముఖ్య విధి. ఆ ప్రాంతంలోని మొక్కలు, జంతువులు, పంటల రకాలు, పశు జాతులు, వాటిని గురించి ప్రజలకు తెలిసిన ఉపయోగాలు, నీటివనరులు అందులో నమోదు కావలెను. దేశమంతటా ఈ పుస్తకాలను 2020 జనవరి 31 లోపల పూర్తి చేయవలెనని జాతీయ హరిత ధర్మాసనం గడువు విధించినది. గడువు ఒత్తిడిలో తయారైన పుస్తకంలో లోపాలుండుట ఆశ్చర్యం కాదు. అయితే ఇది ఒకసారి వ్రాసి మూసివేయు పుస్తకం కాదు. కొత్త సమాచారం వచ్చినప్పుడెల్లా చేర్చవలసినది.

ఇందుకు సభలు ఉత్తమ సాధనం. ఒక వృద్ధురాలు కరవు కాలంలో ఏ ఆకు వండుకొన్నారో చెప్పును. ఒక కాపరి తోడేలు ఏ గుట్టలో పిల్లలను పెట్టునో చెప్పును. ఒక రైతు ఎండిన తలపరిగె చోటు చూపును. నిర్వాహకులు వాటిని వారి మాటలలోనే, వారు వాడు పేరుతోనే వ్రాసికొని సమితికి అందజేయవలెను. తోడేలు గుహ, అలుగు తిరుగు తావు వంటి వేటగాళ్లకు ఉపకరించు వివరాలను మాత్రం బహిరంగంగా ప్రకటింపక సమితికే చెప్పవలెను. కృష్ణజింక, ఎలుగుబంటి, చిరుతపులి, తోడేలు, అలుగు ఇవన్నియు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో ఉన్నవి. వాటిని వేటాడుట కఠిన శిక్షకు గురిచేయు నేరం.

ఈ పుస్తకాన్ని చూడగోరు పౌరులు తమ పంచాయతి లేదా పురసభ కార్యాలయంలో అడుగవచ్చును. తమ ఊరి చెరువు, గోమాళం, చెట్లు అందులో ఉన్నవో లేవో చూచి, లేనిచో వ్రాతపూర్వకంగా విన్నవించుకొనవచ్చును. రేపు ఏదైనా కట్టడం వలన ఆ నేలకు మార్పు వచ్చునప్పుడు, "ఇక్కడ ఇవి ఉన్నవి" అని చెప్పుటకు ఆ పుటయే మొదటి ఆధారం.

పౌరులకు విజ్ఞప్తి

ఆవాసాలను కాపాడుటలో పట్టణవాసులు చేయగలిగినవి చిన్న పనులే. చెత్తను చెరువు గట్టున, పట్టణ శివారు గుట్టల వద్ద పారవేయరాదు. ఆ చెత్తపై పెరిగిన కుక్కల గుంపులు జింక పిల్లలను, నేలపై గూడు కట్టు పక్షులను వెంటాడుతాయి. మాంసపు వ్యర్థాల వాసనకు ఎలుగుబంటి, చిరుత కూడా వచ్చును. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి పురసభ వాహనానికే ఇవ్వవలెను.

ఎలుగుబంటి గాని చిరుతపులి గాని ఊరిలో కనబడినచో గుంపుగా చేరి తరుమరాదు, సెల్‌ఫోనుతో చిత్రించుటకు దగ్గరకు పోరాదు. దానికి వెనుకకు పోవు దారి విడిచి, అటవీ శాఖ కార్యాలయానికి లేదా 112 సంఖ్యకు తెలుపవలెను. సీతాఫలాలకై కొండకు పోవువారు చీకటి వేళల్లో పోక, నలుగురు కలిసి మాట్లాడుకొంటూ పోవలెను. అలికిడి విన్న ఎలుగుబంటి సాధారణంగా తానే తప్పుకొనును.

ఇకపై మీ ఊరిలో గాని, పట్టణంలో గాని ఇట్టి సభ జరుగునని తెలిసినప్పుడు తప్పక హాజరు కండి. వెంట ఇంటిలోని పెద్దవారిని, బడి పిల్లలను తీసికొని రండి. వక్త మాట కన్నడంలో ఉండి అర్థం కానిచో తెలుగులో చెప్పుమని అడుగుటకు సంకోచింపకండి. మీకు తెలిసిన చెట్టు పేరు, పిట్ట పేరు, వంక పేరు తెలుగులోనే చెప్పండి. వాటిని సరిగా వ్రాసికొనుట మా బాధ్యత.